పక్క సీటు కింది పెడళ్ళు

డ్రైవింగ్ స్కూల్ కారులో నా కాళ్ళ కింద మూడు పెడళ్ళు ఉండేవి. పక్కన కూర్చున్నవాడి కాళ్ళ కింద రెండు ఉండేవి. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. కొత్తవాళ్ళు బండిని తీసుకుపోయి దేనికో గుద్దబోతే నేర్పేవాడు ఆపడానికి క్లచ్చు ఒకటి, బ్రేకు ఒకటి అటు కూడా ఉంటాయని అతనే చూపించాడు. న్యాయమే అనుకున్నాను. ఆ రెండు పెడళ్ళతో ఒక మనిషిని నెల రోజులు ఎంత చక్కగా మోసం చేయవచ్చో నాకు అప్పుడు తెలియదు. తెలిశాక వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

నాకు అరవై నాలుగేళ్ళు. కోరుట్లలో ఉంటాను. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి పోయేదాన్ని కాదు, ఇంకొకరిని పోనిచ్చేదాన్నీ కాదు. గ్యాస్ సిలిండర్ మీద బిగించిన తేదీ, పచ్చడి జాడీ మీద పట్టిన తేదీ సుద్దముక్కతో రాసుకునే అలవాటు నాది. మావారు ఉన్నన్నాళ్ళు ఆయన స్కూటరు వెనుక కూర్చుని తిరిగాను. ఆయన పోయాక బస్సులు, ఆటోలు. పిల్లలు లేరు. నావాళ్ళు అని చెప్పుకోవడానికి సిరిసిల్లలో మా అక్క, కోరుట్లలో పక్క వీధిలో మా మరిది.

మరిది ఇరవై ఏళ్ళు దుబాయిలో ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. ఐదేళ్ళ కింద తిరిగొచ్చాడు. అక్కడ ఎంతెంత బండ్లు నడిపాడో, రోడ్లు ఎంత నున్నగా ఉంటాయో, షేక్ భార్య తను తప్ప ఇంకో డ్రైవరైతే కారెక్కేదే కాదని, మా వీధిలో వినని ఇల్లు లేదు. వచ్చాక నడపడానికి బండి లేదు. ఉన్న డబ్బు ఇంటికీ కూతురి పెళ్ళికీ అయిపోయింది. ఎవరికి కారు అవసరమైనా ఏ దోస్తుదో తెచ్చి తానే నడిపేవాడు. మా బంధువుల్లో ఏ పెళ్ళికైనా, ఏ ఆస్పత్రికైనా అతన్ని అడగాలి. అడిగితే కాదనడు. కానీ అతను వచ్చినప్పుడే వేళ అయినట్టు.

కిందటేడు వానాకాలంలో అక్క నాలుగు రోజులు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మూతి పక్కకు పోయింది. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాను. ఆమె కొడుకు భివండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తాడు. వచ్చి రెండు రోజులుండి సెలవు లేక పోయాడు. కోడలు సిరిసిల్లలో చిన్నపిల్లలతో ఉంది. అక్క దగ్గర నేనే ఉన్నాను.

ఆగస్టు పదహారు, శుక్రవారం నాడు డిశ్చార్జి. సిరిసిల్లకు తీసుకుపోవాలి. పదింటికి ఆస్పత్రి ముందు కారుతో ఉంటానని ముందురోజే మరిది మాట ఇచ్చాడు. నేను తొమ్మిదిన్నరకల్లా బిల్లు కట్టి, మందులు తీసుకుని, అక్కకు ఉతికిన చీర కట్టి సిద్ధం చేశాను. మంచం ఇంకో రోగికి ఇచ్చేశారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

పదింటికి రాలేదు. ఫోన్ చేశాను. "దగ్గర్లనే ఉన్న వదినె, ఐదు నిమిషాలు" అన్నాడు. పదకొండింటికి అదే మాట. పన్నెండింటికి వేరే కారు మాట్లాడుకుంటానంటే, "ఊరి పొలిమేరల ఉన్న, గింతదానికి పైసలు దండుగ జేస్తవా" అని కోప్పడ్డాడు. ఐదు నిమిషాల కోసం ఎవరైనా వేరే కారు మాట్లాడుకుంటారా? ఆరు గంటలంటే డెబ్బై రెండు ఐదు నిమిషాలని ఆ రోజు కూర్చుని లెక్కగట్టాను. అతను ఆ సేపంతా మెట్‌పల్లిలో దోస్తు గృహప్రవేశంలో, విందులో ఉన్నాడని తర్వాత తెలిసింది.

రెండు దాటాక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు అర్థమైంది. బాత్రూము వరండా ఆ చివర ఉంది. ఆమెను లేపి నడిపించడానికి ఇద్దరు కావాలి. నర్సు కోసం పరుగెత్తాను. నర్సును పట్టుకుని వచ్చేసరికి అక్క మొహం గోడవైపు తిప్పుకుని ఉంది. కుడిచేత్తో కొంగు తీసి ఒళ్ళో కప్పుకుంది. బెంచీ కింద తడి. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా కొడుకును పెంచిన మనిషి. ఎదుటి బెంచీలో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

నాలుగింటికి కారు వచ్చింది. మరిది నోట్లో పాన్ ఉంది. అక్కను ఎక్కించబోతుంటే ఆగమన్నాడు. డిక్కీలోంచి ప్లాస్టిక్ యూరియా సంచి తీసి వెనుక సీటు మీద పరిచాడు.

"దోస్తు బండి వదినె. సీటు ఖరాబైతే బాగుండది" అన్నాడు.

అక్క ఆ సంచి మీద కూర్చుని సిరిసిల్ల దాకా వచ్చింది. దారంతా ఆమె కదిలినప్పుడల్లా సంచి చప్పుడు చేసింది. నెలనెలా డాక్టరుకు చూపించాలని రాసిచ్చారు. ప్రతి నెలా అక్క ఇలా ఒకరి తీరిక కోసం కూర్చుంటుందా అని ఒక్కటే ఆలోచన. సిరిసిల్ల బ్రిడ్జి వచ్చేసరికి కారు కొనాలని, దాన్ని నేనే నడపాలని అనుకున్నాను. రెండోది లేకుండా మొదటిది ఉత్త దండుగ.

కోరుట్లలో నేర్చుకుంటే వీధి వీధంతా వచ్చి చూస్తుంది. అందుకని జగిత్యాలలో చేరాను. పొద్దున ఆరున్నర బస్సుకు పోయి, ఎనిమిదింటికి క్లాసు చేసుకుని, తిరిగి బస్సులో వచ్చేదాన్ని. నేర్పేవాడికి నలభై ఏళ్ళుంటాయి. నెమ్మది మనిషి. అరవడు. మిగతా స్కూళ్ళలో ఆడవాళ్ళను ఎంత కసురుకుంటారో విన్నాను కాబట్టి నా అదృష్టం అనుకున్నాను.

"క్లచ్ మెల్లగ ఇడువుండ్రి అమ్మా. గట్లనే. అబ్బ, ఏం ఇడిసిండ్రు" అనేవాడు.

బండి తేలిగ్గా కదిలేది. మిగతావాళ్ళకు ఇంజన్ ఆగిపోతుందని, బండి కుదుపులు పడుతుందని విన్నాను. నాకు ఒక్కసారి కూడా ఆగలేదు. ధర్మపురి రోడ్డు మీద, ఊరి నడుమ టవర్ దగ్గర జనంలో, ఎక్కడా ఆగలేదు. నా పాదం మెత్తగా పడుతుందని, ఈ వయసులో ఇంత తొందరగా నేర్చుకున్నవాళ్ళను చూడలేదని అతను రోజూ చెప్పేవాడు. నేను నమ్మాను. లెక్కల విషయంలో ఎవరినీ నమ్మని మనిషిని, నన్ను పొగిడితే నమ్మాను.

రెండో వారంలో ఒక రోజు మరిది అక్కడ ప్రత్యక్షమయ్యాడు. ఎవరు చెప్పారో తెలియదు. నేను బస్సు దిగి పోయేసరికి నేర్పేవాడితో టీ తాగుతున్నాడు. ఇద్దరూ గల్ఫ్ ముచ్చట్లు చెప్పుకుంటున్నారనుకున్నాను. నన్ను చూసి, "మా వదినెకు మంచిగ నేర్పు భాయ్, పెద్ద మనిషి" అన్నాడు. మర్యాదగానే ఉంది. నేను నేర్చుకుంటున్నానని తెలిస్తే అతనికి కోపం వస్తుందని అనుకున్న నేనే పొరపడ్డానేమో అని కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

కారు జగిత్యాలలోనే కొన్నాను. షోరూమ్‌కు మరిది వెంట వచ్చాడు. అమ్మే కుర్రాడు రంగు, ఇంజను, మైలేజీ అన్నీ అతనికే చెప్పాడు. సార్, సార్ అని అతని చుట్టూ తిరిగాడు. నేను సంతకం పెట్టాల్సిన చోట మాత్రం కాగితం నావైపు జరిపాడు. కారు ఎవరి పేరు మీద అనే దగ్గర మరిది గొంతు సవరించుకున్నాడు. పంతులు దగ్గర చూపించాడట. నా పేరుకు వాహనం కలిసిరాదట, తన పేరుకైతే దివ్యంగా ఉందట.

"పేరుబలం లేని బండి రోడ్డెక్కుడు మంచిది కాదు వదినె. పేరుదేమున్నది, బండి నీదే గద" అన్నాడు.

పేరుతో ఏమీ లేకపోతే నా పేరే ఉంచమన్నాను. నంబరు అంకెలు కూడితే తొమ్మిది రావాలని ఇంకో పేచీ పెట్టాడు. నేను జీవితమంతా అంకెలు కూడాను. ఏ కూడికా ఎవరినీ కాపాడడం నేను చూడలేదు. వచ్చిన నంబరు తీసుకున్నాను. కూడితే నాలుగు వచ్చింది. అతను రెండు రోజులు దిగులుగా ఉన్నాడు.

ఆ కుర్రాడు ఒక్క మాట మాత్రం నాతో చెప్పాడు. క్లచ్చు లేని బండి, ఆటోమేటిక్, తీసుకుంటే పెద్దవాళ్ళకు సులువుగా ఉంటుందని. నాకు అవమానం అనిపించింది. నా క్లచ్చు గురించి నేర్పేవాడు ఏమంటాడో నీకు తెలుసా అన్నట్టు చూశాను. మామూలు గేర్ల బండి చాలన్నాను. మరిది వెంటనే తలూపాడు. ఎందుకు అంత తొందరగా ఊపాడో అప్పుడు ఆలోచించలేదు.

తాళం చెవులు రెండు ఇచ్చారు. ఒకటి అతని చేతికి, ఒకటి నేను అడిగితే నా చేతికి. కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. లైసెన్సు రాలేదు కదా అని వాటి మీదుగా అతనే నడిపాడు. నేను పక్కన నిలబడి చూశాను.

మర్నాడు పొద్దున, మా ఇంటి ముందు, ఎల్ బోర్డు అంటించి, నా కారులో నేను మొదటిసారి కూర్చున్నాను. మరిది పక్కన కూర్చున్నాడు. మొదటి గేరు వేశాను. స్కూల్లో వదిలినట్టే క్లచ్చు వదిలాను. బండి ఎగిరి ముందుకు పడి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాను. మళ్ళీ ఆగిపోయింది. మా వీధిలో అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి చూస్తున్నారు. ఇంకోసారి. ఇంకోసారి. బండి కాదు, నా లోపల ఏదో విరిగినట్టు ప్రతిసారీ ఆ కుదుపు. మరిది మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. అంత ఓపిక అతనిలో నేను ఎన్నడూ చూడలేదు.

చివరికి అన్నాడు: "స్కూల్ బండి అలుకగ ఉంటది వదినె. ఇది కొత్త బండి, నీ తోని గాదు. నీకెందుకు గీ తిప్పలు? నువ్వు ఎనుక రాణి లెక్క కూసో. ఏడికి పోవాలన్న నేను లేనా?"

తాళం తీసి జేబులో వేసుకున్నాడు. బండిని తన ఇంటి ముందు పెట్టుకున్నాడు, వాళ్ళ వీధి వెడల్పని. రెండో తాళం నా బీరువాలో ఉంది. ఉండి ఏం లాభం? నాకు లేనిది తాళం కాదు, నడిపే కాళ్ళు.

ఆ తర్వాత మూడు వారాలు నా కారు నేను లేకుండా తిరిగింది. పెళ్ళిళ్ళకు పోయింది. మెట్‌పల్లి మార్కెట్‌కు పోయింది. అక్కను డాక్టరుకు చూపించే రోజు వస్తే, మరిది దోస్తు పొలం రిజిస్ట్రేషను ఉందని, ఎల్లుండి పోదామన్నాడు. ఎల్లుండి డాక్టరు లేడు. ఆ నెల అక్క వెళ్ళనే లేదు. ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయి కారు తలుపు తీసి చూశాను. వెనుక సీటంతా పచ్చగా ఉంది. పసుపు. ఎవరివో పసుపు బస్తాలు వేసుకుపోయాడు. ఒక బస్తా చిరిగి ఉంటుంది. వేలితో రుద్దితే ఇంకా లోపలికి పోయింది తప్ప రాలేదు. ఇతను దోస్తు బండి సీటు కోసం మా అక్క కింద యూరియా సంచి పరిచినవాడు. నా సీటు మీద బస్తాల కింద ఏదీ పరవలేదు.

ఆ కోపంతో మర్నాడు జగిత్యాల బస్సెక్కాను. ఇంకో నెల నేర్పమని అడుగుదామని. నా వయసే అడ్డమేమో, నా మెదడులో ఏదో జారిపోయిందేమో అని దారంతా భయం. మా అక్కకు వచ్చింది నాకూ వస్తున్నదేమో అనీ అనుకున్నాను.

నేను పోయేసరికి ఒక అమ్మాయికి క్లాసు నడుస్తోంది. దింపి మీతో మాట్లాడతాను, ఎక్కండమ్మా అని నేర్పేవాడు నన్ను వెనుక సీట్లో కూర్చోబెట్టాడు. ఆ కారులో వెనుక కూర్చోవడం నాకు అదే మొదటిసారి. రెండు సీట్ల మధ్యలోంచి ముందు జరిగేది కనిపిస్తుంది. ఆ అమ్మాయి కదిలించబోయింది. నేర్పేవాడి ఎడమ కాలు కిందికి దిగింది, మెల్లగా లేచింది. బండి నీళ్ళ మీద పడవలా కదిలింది. ఒక ఆటో అడ్డమొచ్చింది. అతని కుడికాలు దిగింది. బండి ఆగింది. మళ్ళీ ఎడమ కాలు.

"మస్తు ఇడిసినవమ్మా క్లచ్" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది. నెల కిందట నేను నవ్విన నవ్వే అది.

ఆ అమ్మాయి దిగిపోయేదాకా ఊరుకున్నాను. ఆమె కాస్త దూరం పోయాక అడిగాను, నాక్కూడా ఇట్లనే తొక్కినవా అని. అతను ఇటూ అటూ చూశాడు. కొత్తవాళ్ళు జడుసుకోకుండా వారం రోజులు అందరికీ తొక్కుతామని, తర్వాత మానేస్తామని చెప్పాడు.

"నాకు వారమేనా?"

అతను తల వంచుకున్నాడు. "మీ మరిది చెప్పిండమ్మా. మా వదినె సరదపడ్తంది, నెల రోజులు ముర్వనియ్యి. బండి కొనేదాక కష్టం తెల్వనియ్యకు. కొన్నంక నడిపేది నేనే అన్నడు. ఇంటోళ్ళే జెప్పినంక నేనేం జేద్దు?"

నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. నెల రోజులు పొద్దున్నే లేచి, బస్సెక్కి, ఇంటికొచ్చి రాత్రి మంచం మీద పడుకుని గోడకు కాళ్ళు ఆనించి క్లచ్చు అభ్యాసం చేసిన మనిషిని. ఆ మనిషిని చూసి ఇద్దరు మగాళ్ళు టీ తాగుతూ, ముర్వనియ్యి అనుకున్నారు. మరిదికి నడపడానికి బండి లేదని, ఇరవై ఏళ్ళు పరాయి బండ్లు తుడిచినవాడికి ఒక బండి మీద ఆశ ఉంటుందని నాకు అర్థం కాక కాదు. అడిగి ఉంటే నెలకు పది రోజులు ఇచ్చేదాన్ని. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గదు.

"రేపటి సంది మళ్ళ నేర్పాలె. పైసలు ఇయ్య. నీ కాళ్ళు సీటు మీద ఉండాలె" అన్నాను.

అతనికి అర్థం కాలేదు.

"సక్లముక్లం పెట్టుకొని కూసో. కింద పెట్టినవంటే నేను దిగి, నీ ఆఫీసు ముంగట నిలబడి వచ్చినోళ్ళందరికి చెప్త."

ఏదైనా ప్రమాదం జరిగితే ఎలా అన్నాడు. హ్యాండ్ బ్రేకు నీ చేతికందే దూరంలోనే ఉంది కదా అన్నాను. మర్నాటి నుంచి ఊరి బయట ఖాళీ మైదానంలో అతను పూజకు కూర్చున్నట్టు సీటు మీద బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు, ఇంకో చేత్తో తలుపు పైన పిడి పట్టుకుని కూర్చున్నాడు. మొదటి రోజు బండి ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టలేదు. నా జీవితంలో నేను లెక్కపెట్టకుండా వదిలేసినవి తక్కువ. అది ఒకటి.

మగ్గాల ఇంట పుట్టినదానివి, కాలు లేస్తే కాలు దిగడం నీకు పుట్టుకతో వచ్చి ఉంటుంది కదా అని తర్వాత కొందరన్నారు. రాదు. మగ్గం నడిరోడ్డు మీద ఆగిపోదు, వెనుక లారీ హారన్ కొట్టదు. నాకు వచ్చింది మొండితనంతో. క్లచ్చు లేస్తూ ఒక చోటికి వచ్చేసరికి బండి సన్నగా వణుకుతుంది. అక్కడ పాదాన్ని ఆపాలి. ఆపి, ఊపిరి తీసుకుని, అప్పుడు వదలాలి. ఆ వణుకు నెల రోజులు నా పాదం కింద ఉండాల్సింది. ఇంకొకడి పాదం కింద ఉండింది. నాకు దొరకనివ్వకుండా దాచింది దాన్నే.

ఈ సంగతి మరిదికి చెబితే కాళ్ళు కింద పెట్టినట్టే లెక్క అని నేర్పేవాడికి ముందే చెప్పాను. చెప్పలేదు. పరీక్ష నాడు ట్రాక్ మీద కూడా అతను అలాగే కూర్చున్నాడు. పక్కన నిలబడి చూస్తున్న ఆఫీసరు కాళ్ళు నొస్తున్నాయా అని అడిగాడు. "అమ్మ హుకుం సార్" అన్నాడు. ఎనిమిది అంకె మీద తిప్పాను, వెనక్కి తీశాను, ఎత్తు మీద ఆపి కదిలించాను. ఆగలేదు. లైసెన్సు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

అక్కను డాక్టరుకు చూపించే రోజు మళ్ళీ వచ్చింది. పదకొండున్నరకు రమ్మన్నారు. పొద్దున ఏడింటికి బీరువాలోంచి రెండో తాళం తీసుకుని పక్క వీధికి నడిచాను. మరిది అరుగు మీద లుంగీతో టీ తాగుతున్నాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. నేను కారు తలుపు తీసి లోపల కూర్చున్నాను. అతను ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు. నేను లోపల ఏదో వెతుక్కుంటున్నాననుకుని ఉంటాడు. స్టార్టు చేశాను. గేరు వేశాను. వణుకు వచ్చిన చోట ఆపి, వదిలాను. బండి కదిలింది.

కప్పు పెట్టేసి లేచి వచ్చాడు. కిటికీ దించాను.

"సిరిసిల్ల పోతున్న. అక్కను దవఖానకు తీస్కపోవాలె" అన్నాను.

"నేను తీస్కపోత గద. పది నిమిషాలాగు, తానం జేసి వస్త."

"నీ నిమిషాలు నాకు తెల్సు."

"ఎవడు నేర్పిండు నీకు?"

"నువ్వు టీ తాపినోడే. ఈసారి కాళ్ళు సీటు మీద పెట్టుకొని నేర్పిండు."

అతని మొహం ఒక్కసారి మారింది. అబద్ధమాడలేదు, ఒప్పుకోనూ లేదు. గబగబా లోపలికి పోయి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వొక్కదానివి గంత దూరం పోతే ఏమన్న అయితే నలుగురు నన్నే అంటరు" అన్నాడు. దిగమని చెప్పాలనుకున్నాను. అక్కకు ఆలస్యమవుతుందని చెప్పలేదు.

కోరుట్ల దాటాక కథలాపూర్ రోడ్డు మీద చూశాను. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు కిందికి దిగుతోంది. మలుపు వస్తే దిగుతోంది. గేదెలు అడ్డమొస్తే దిగుతోంది. మా కారులో అక్కడ పెడల్ లేదు, రబ్బరు పట్టా ఉంది. దాన్నే గట్టిగా తొక్కుతున్నాడు. గేరు మార్చు, హారన్ కొట్టు, పక్కకు తీయి అని నోటితో కూడా నడుపుతున్నాడు. వేములవాడలో గుడికి వచ్చిన జనం రోడ్డంతా ఉన్నారు. అక్కడ ఒక్కసారి నా బండి ఆగిపోయింది. అతను తాళం మీద చెయ్యి వేయబోయాడు. ఆ చేతిని తీసి అతని ఒళ్ళో పెట్టాను. మళ్ళీ స్టార్టు చేసుకుని పోయాను.

సిరిసిల్లలో అక్క తయారై గడపలో కుర్చీ మీద కూర్చుని ఉంది. నేను డ్రైవరు సీటులోంచి దిగడం చూసింది. ఆమె కళ్ళు నా కాళ్ళ మీదికి పోయాయి. మరిదిని వెనుక కూర్చోమన్నాను. తలుపు తీసి పచ్చటి సీటును చూశాడు, తన తెల్ల ప్యాంటును చూసుకున్నాడు. పరుచుకోవడానికి ఏమన్నా ఉందా అని అడిగాడు.

"కూసో. నీ పసుపే గద" అన్నాను.

అక్కను, కోడలు ఒకవైపు నేను ఒకవైపు పట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆమె ఎడమ కాలు నేను ఎత్తి లోపల పెట్టాను. జగిత్యాలకు పదకొండు గంటలకే చేరాం.

అదే ఆస్పత్రి, అదే వరండా, అదే బెంచీ. ఖాళీగానే ఉంది. కూర్చోమన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. చేతికర్ర మీద బరువు వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. పిలిచేదాకా నిలబడే ఉంది. నేనూ నిలబడ్డాను.

డాక్టరు చూసి, చెయ్యి కొంచెం మెరుగైందని, మందులు అవే వాడమని చెప్పాడు. బయటికి వచ్చేసరికి మరిది లేడు. అక్కను కారులో కూర్చోబెట్టి ఫోన్ చేశాను. వెనుక జనం మాటలు వినిపిస్తున్నాయి. దుబాయి దోస్తు ఎవరో కలిశాడట. "మా వదినెకు బండి నేనే నేర్పిన" అని అతనితో అంటున్న మాట కూడా ఫోన్లో స్పష్టంగా వినిపించింది. తర్వాత నాతో అన్నాడు: "దగ్గర్లనే ఉన్న వదినె. ఐదు నిమిషాలు."

ఫోన్ పెట్టేశాను.

అక్క అడిగింది. ఇప్పుడు ఆమె మాట ముద్దగా వస్తుంది. "ఏమంటడు?"

"ఐదు నిమిషాలంట."

అక్క ఆస్పత్రి తలుపువైపు చూసింది. వరండా అక్కడి నుంచి కనిపిస్తుంది. కాసేపు చూసి మొహం ముందుకు తిప్పుకుంది.

"పా" అంది. "ఎవ్వల కోసం ఆగుడు?"

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులు ఉన్నాయి. నాకు ప్రతి బస్సూ తెలుసు. బండి కదిలించాను. ఆగలేదు. ఊరు దాటుతుండగా సంచిలో ఫోన్ మోగింది. అక్క కుడిచేత్తో తీసి చూసి, నీ మరిది అంది. ఏం చెప్పమంటావని అడగలేదు. తానే చెవి దగ్గర పెట్టుకుంది.

"దగ్గర్లనే ఉన్నం" అంది, ఒక్కొక్క మాటా కూడదీసుకుని. "ఐదు నిమిషాలు."

ఫోన్ సంచిలో వేసి నవ్వింది. మూతి ఒక పక్కనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రోడ్డు చూస్తూ మూడో గేరులోకి మార్చాను.